పొడుగు ఇంగ్లీషు మాటను ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊనాలి?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. పొడుగాటి మాట కనిపించగానే పిల్లలు ఆగిపోతారు. ముక్కలు చేయించి చదివిస్తే చదువుతారు గాని, ముక్కలన్నిటినీ ఒకే బరువుతో అప్పజెబుతారు. ఊనిక (స్ట్రెస్) ఏ ముక్క మీద పడాలని వాళ్లు అడిగితే నా దగ్గర నిఘంటువు తప్ప వేరే జవాబు లేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు తలకెక్కే దారి ఏదైనా ఉందా? (నరసరావుపేట నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: ఉందండీ. దానికి కావలసిన పనిముట్టు మీ పక్క తరగతిలో తెలుగు మాస్టారి దగ్గరే ఉంది. పద్యానికి గణవిభజన చేస్తూ పిల్లలు పెట్టే గురులఘువుల గుర్తులే ఇంగ్లీషు ఊనికను కూడా చాలావరకు పట్టిస్తాయి.

ముందు విరవడం సంగతి చూద్దాం. మన లిపిలో 'అమ్మ' అనే మాటను అ, మ్మ అని రెండు అక్షరాలుగా రాస్తాం గాని, నోరు దాన్ని అమ్-మ అని విరుస్తుంది. ద్విత్వానికి ముందున్న 'అ' రాతలో హ్రస్వమే అయినా ఛందస్సులో గురువు కావడానికి కారణం ఇదే. తరవాతి హల్లులో సగం వెనక్కి వచ్చి దాన్ని మూసేస్తుంది, పలకడానికి రెండు మాత్రల కాలం పడుతుంది. ఇంగ్లీషు వాళ్లు సిలబుల్ అనేది ఈ నోటి విరుపునే తప్ప రాతలోని విరుపును కాదు. అందుచేత పిల్లలకు 'ఎనిగ్మా' అనే మాట ఇస్తే ఎ-ని-గ్మా అని కాకుండా ఎ-నిగ్-మా అని విరిపించండి. ఈ ఒక్క అలవాటు కుదిరితే సగం పని అయినట్టే.

ఇక ఊనిక. లాటిన్ భాషలో ఒక పాత సూత్రం ఉంది: మాట చివరి సిలబుల్‌ను పక్కన పెట్టి, దాని ముందున్నదాన్ని చూడాలి, అది గురువైతే ఊనిక దాని మీదే పడుతుంది, లఘువైతే ఇంకొక అడుగు వెనక్కి పోతుంది. లాటిన్ నుంచి, దాని పిల్ల భాషల నుంచి వేల మాటలు తెచ్చుకున్న ఇంగ్లీషు ఆ మాటలతోపాటు ఈ సూత్రాన్ని కూడా చాలావరకు తెచ్చుకుంది. నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలే అనే భాషాశాస్త్రవేత్తలు 1968లో ఇంగ్లీషు ధ్వనుల వ్యవస్థ మీద వెలువరించిన గ్రంథంలో ఊనిక లెక్కలకు ఇదే వెన్నెముక. మనకు తెలిసిన మాటల మీద పెట్టి చూడండి. 'అజెండా'లో చివరి 'డా' తీసేస్తే మిగిలే 'జెం' సున్నతో గురువైంది, ఊనిక అక్కడే. 'వరండా'లో 'రం', 'అపెండిక్స్'లో 'పెం', 'టొమాటో'లో 'మా', 'అరిజోనా'లో 'జో', 'మినిసోటా'లో 'సో', 'ఒక్లహోమా'లో 'హో' అన్నీ గురువులే, ఊనికలన్నీ వాటి మీదే. ఇప్పుడు 'సినిమా' తీసుకోండి. చివరి 'మా'ను వదిలేస్తే 'ని' లఘువు, కాబట్టి ఊనిక వెనక్కి జరిగి 'సి' మీద పడుతుంది. 'కెమెరా', 'కెనడా', 'హాస్పిటల్', 'బ్యాటరీ' అదే తోవలో మొదటి సిలబుల్‌కు పోతాయి. 'అమెరికా'లో 'రి' లఘువు గనక ఊనిక 'మె' దగ్గర ఆగుతుంది, మొదటి దాకా పోదు. ఇందులో గమనించవలసింది ఒకటుంది: చివరి సిలబుల్ మన రాతలో ఎంత దీర్ఘంగా ఉన్నా లెక్కలోకి రాదు. మన పిల్లలు 'కెనడా' అన్నప్పుడు బరువంతా చివరి 'డా' మీదకు పోవడానికి ఆ దీర్ఘమే కారణం.

'గొరిల్లా', 'వెనిల్లా', 'అంబ్రెల్లా' అనే మాటలు నాకు ముచ్చటగా అనిపిస్తాయి. ఇంగ్లీషు వాళ్లు వాటిలోని లకారాన్ని మనలా ఒత్తి పలకరు, ఒక్కసారే అంటారు. అయినా ఊనిక మాత్రం ఆ లకారానికి ముందున్న సిలబుల్ మీదే పడుతుంది. ఆ బరువును విన్న తెలుగు చెవి దాన్ని ద్విత్వంగా రాసుకుని గురువు చేసింది. ఎవరూ నేర్పకుండానే మన వాళ్లు ఊనికను లిపిలోకి ఎక్కించారన్నమాట.

అయితే ఇదే చెవి మనల్ని కొన్నిచోట్ల బోల్తా కొట్టిస్తుంది. సెప్టెంబర్, నవంబర్, డిసెంబర్ అనే నెలల పేర్లు సూత్రాన్ని బుద్ధిగా పాటిస్తాయి. వాటిని అచ్చువేసిన క్యాలెండర్ మాత్రం పాటించదు. 'లెం' గురువే అయినా ఇంగ్లీషులో ఊనిక మొదటి 'క్యా' మీద ఉంటుంది. సిలిండర్, మినిస్టర్, రిజిస్టర్, క్యారెక్టర్, ఇండస్ట్రీ అన్నీ ఈ బాపతే. అన్నిటికీ ఊనిక మొదటి సిలబుల్ మీదే. మనం 'ఇండస్ట్రీ'లో 'డస్' మీద, 'క్యారెక్టర్'లో 'రెక్' మీద ఎందుకు ఊనుతామంటే, మన నోరు గురువును వెతుక్కుంటూ పోతుంది కాబట్టి. పిల్లలు చేసే ఈ పొరపాటు అజ్ఞానం కాదు, ఒక మంచి సూత్రాన్ని అది పనిచేయని చోటికి కూడా తీసుకుపోవడం. ఈ ఆరు మాటలనూ నల్లబల్ల మీద ఒక మూల రాసి ఉంచితే చాలు, విడిగా సూత్రం అక్కర్లేదు.

ఇంకా పొడుగాటి మాటల్లో ముగింపును చూసి లెక్కపెట్టడం సులువు. 'షన్' అని ముగిసే మాటల్లో ఊనిక దానికి సరిగ్గా ముందున్న సిలబుల్ మీద పడుతుంది: ఎడ్యుకేషన్‌లో 'కే', ఎగ్జామినేషన్‌లో 'నే'. 'ఇక్' అనే ముగింపుదీ అదే దారి: ఎకనామిక్‌లో 'నా', సైంటిఫిక్‌లో 'టి'. 'ఇటీ', 'లజీ', 'గ్రఫీ' అనేవి ఒక్కొక్కటి రెండేసి సిలబుల్స్ గనక వాటిలో ఊనిక చివరి నుంచి మూడోదానికి పోతుంది: యూనివర్సిటీలో 'వర్', ఎలక్ట్రిసిటీలో 'ట్రి', సైకాలజీలో 'కా'. ఇవి తప్పేవి కొన్ని ఉన్నాయి. టెలివిజన్, పాలిటిక్స్, అరబిక్ అనేవి మొదటి సిలబుల్ మీదే ఊనుతాయి. మరోవైపు 'మెంట్', 'నెస్', 'ఫుల్', 'లీ' లాంటి ముగింపులు అద్దెకు దిగినవాళ్లలాంటివి. ఇంటి గోడలను కదపవు. 'డెవలప్' అనే మాటకు ఊనిక రెండో సిలబుల్ 'వె' మీద ఉంది, 'డెవలప్‌మెంట్' అయినా అక్కడే ఉంటుంది.

అయిదారు సిలబుల్స్ ఉన్న మాటకు ఒక్క ఊనిక సరిపోదు. ప్రధానమైనది మొదటి నుంచి మూడోదాని మీదో ఆ తరవాతదాని మీదో పడితే, మాట మొదట్లో రెండింటిలో ఒకదానికి చిన్న ఊనిక కూడా ఉంటుంది. అది సాధారణంగా తల్లి మాటలో ఊనిక ఉన్న చోటే. 'రెస్పాన్సిబుల్'లో ఊనిక రెండో సిలబుల్ 'స్పాన్' మీద ఉంది. 'రెస్పాన్సిబిలిటీ' అనగానే పెద్ద ఊనిక 'బి'కి మారుతుంది, 'స్పాన్' చిన్న ఊనికగా మిగులుతుంది. పిల్లలకు సరదా కావాలంటే, సిలికా ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు పదవినోదం కోసం అల్లి, చివరికి పెద్ద నిఘంటువుల్లోకి కూడా ఎక్కించిన 45 లెటర్ల మాటను బల్ల మీద రాయండి: నుమోనో-అల్ట్రా-మైక్రోస్కాపిక్-సిలికో-వల్కేనో-కోనియోసిస్. మొత్తం 19 సిలబుల్స్. ప్రధాన ఊనిక చివరి 'సిస్'కు ముందున్న 'ఓ' మీద. అది దీర్ఘం, అంటే గురువు. అంత పొడుగు మాట కూడా పై సూత్రాన్ని దాటిపోలేదు.

ప్రశ్న: సిలబుల్స్ లెక్కపెట్టడానికి లెటర్లలోని అచ్చులను లెక్కిస్తే సరిపోతుందా? నాకు ఎప్పుడూ ఒకటి రెండు ఎక్కువ వస్తున్నాయి. (కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: సరిపోదు. లెక్కించవలసింది కాగితం మీద కనిపించే అచ్చులను కాదు, నోట్లో వినిపించే అచ్చులను. 'ఏరియా' అనే మాటకు లెటర్లు నాలుగే, సిలబుల్స్ మూడు. బలాలు అనే అర్థమున్న 'స్ట్రెంగ్త్స్' అనే మాటకు లెటర్లు తొమ్మిది, సిలబుల్ ఒక్కటే. చివర రాసి పలకని 'ఈ' లెటరును లెక్కలో పెట్టకూడదు. భూతకాలాన్ని తెలిపే 'ఈ-డీ'కి ముందు 'టి' గాని 'డి' గాని ఉంటేనే అది విడి సిలబుల్ అవుతుంది: 'వాంటెడ్' రెండు, 'వాక్డ్' ఒకటి.

మీకు ఎక్కువ రావడానికి ఇంకో కారణం మన నోరే కావచ్చు. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది గనక మనం 'బస్'ను 'బస్సు' చేసి ఒక సిలబుల్‌ను రెండు చేశాం; హల్లు గుంపు మధ్యలో ఇకారం దూర్చి 'ఫిల్మ్'ను 'ఫిలిం' చేశాం; పల్లెల్లో 'ఇస్కూలు' అన్నప్పుడు ముందొకటి, వెనకొకటి చేర్చి ఒక్క సిలబుల్ మాటను మూడు చేశాం. తెలుగులో మాట్లాడేటప్పుడు వీటిలో తప్పేమీ లేదు, అవి మన మాటలైపోయాయి. ఇంగ్లీషు మాటగా లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఆ చేర్పులను తీసేసి చూడాలి.

ప్రశ్న: డాలస్‌లో పుట్టి పెరిగిన మా మనవరాలు 'ఫటాగ్రఫీ' అంటుంది. నేను 'ఫోటోగ్రఫీ' అంటే నవ్వుతుంది. నలభై ఏళ్లు ఆఫీసులో ఇంగ్లీషు రాసినవాణ్ని. మా ఇద్దరిలో తప్పెవరిది? (నెల్లూరు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: తెలుగు వాక్యంలో మీదే ఒప్పు, ఇంగ్లీషు వాక్యంలో ఆమెదే ఒప్పు. ఆమెను నవ్వనివ్వండి గాని, ఆ నవ్వు వెనకున్న సంగతి తెలుసుకోదగ్గది.

ఊనిక అంటే ఒక సిలబుల్‌ను గట్టిగా అనడమని చాలామంది అనుకుంటారు. గట్టిగా అనడం, కాస్త సాగదీయడం, గొంతు స్థాయి మార్చడం అందులో ఉన్నమాట నిజమే. కానీ తెలుగువాళ్లకు అసలు కష్టం అక్కడ లేదు, ఊనిక పడని సిలబుల్స్‌ను చిన్నబుచ్చడంలో ఉంది. మన భాషలో ప్రతి అక్షరానికీ దాని మాత్ర దానికి దక్కాలి. హ్రస్వమైనా స్పష్టంగా పలకాలి. ఇంగ్లీషులో ఊనిక దక్కని అచ్చు తన రూపాన్ని పోగొట్టుకుని, మన హ్రస్వ 'అ'కు దగ్గరగా ఉండే ఒక బలహీన ధ్వనిగా మారిపోతుంది. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి సిలబుల్ మీద ఉంది గనక అది 'ఫోటగ్రాఫ్' అవుతుంది, రెండో ఓకారం పోతుంది. 'ఫోటోగ్రఫీ'లో ఊనిక రెండోదాని మీదకు జరిగింది గనక మొదటి ఓకారం చిక్కిపోయి 'ఫటాగ్రఫీ' అవుతుంది. 'ఫోటోగ్రాఫిక్' దగ్గరకు వచ్చేసరికి ఊనిక 'గ్రా' మీదకు పోయి, మాట 'ఫోటగ్రాఫిక్'గా వినిపిస్తుంది. మూడు మాటల్లోనూ రాత మారలేదు, బరువు మారినప్పుడల్లా అచ్చులు వేషం మార్చాయి. మీరు మూడింటినీ 'ఫోటో' అనే మొదలుపెడతారు. అది రాతకు విధేయత. మీ తరం ఇంగ్లీషును కంటితో నేర్చుకుంది, మీ మనవరాలు చెవితో నేర్చుకుంది.

అయితే మీ పద్ధతికి ఒక లాభం ఉంది, అది ఆమెకు లేదు. బలహీన ధ్వనిని ఏ లెటరుతోనైనా రాస్తారు గనక, చెవితో నేర్చుకున్న పిల్లలకు స్పెల్లింగు దగ్గర చిక్కు వస్తుంది. 1925లో మొదలైన అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ పోటీల్లో పిల్లలు ఈ మాట ఏ భాష నుంచి వచ్చిందని అడగడం మీరు చూసే ఉంటారు. చెవికి దొరకని అచ్చును మాట పుట్టుక పట్టిస్తుందేమోనన్నది ఆ ప్రశ్నలో ఉన్న ఆశ. ఇంట్లో మీరు ఆమెకు వేరొక కిటుకు నేర్పవచ్చు: ఊనిక ఆ సిలబుల్ మీదకు జరిగే బంధువు మాటను వెతకమనండి. 'గ్రామర్' చివర 'ఏ' రాయాలా 'ఈ' రాయాలా అన్న సందేహానికి 'గ్రమాటికల్' జవాబు చెబుతుంది, అక్కడ 'ఏ' బయటపడి వినిపిస్తుంది. 'డెఫినిట్'లో ఉన్నది 'ఐ' అని 'డెఫినిషన్' చెబుతుంది. 'ఒరిజినల్' చివరి సిలబుల్‌లో 'ఏ' ఉందని 'ఒరిజినాలిటీ' చెబుతుంది. 'సెపరేట్' అనే మాటకు మాత్రం ఇలా సాయం చేసే బంధువు లేదు. అందుకే కాబోలు ఆ మాటను తప్పు రాయని బడి ఉండదు.

ప్రశ్న: నేను డీటీపీ పని చేస్తాను. పంక్తి చివర ఇంగ్లీషు మాటను విరవవలసి వస్తే నిఘంటువులో చుక్కలున్న చోట విరుస్తాను. ఒక నిఘంటువులో ఒకలా, మరొకదానిలో మరోలా ఉంది. చుక్కలు సిలబుల్స్ కావా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పూర్తిగా కావు. చాలా అమెరికన్ నిఘంటువుల్లో తలమాట మధ్య పెట్టే చుక్కలు పంక్తి చివర విరవదగిన చోట్లను చూపిస్తాయి. ఉచ్చారణను ఆ పక్కనే విడిగా ఇస్తారు. 'అబౌట్' అనే మాటకు నోట్లో రెండు సిలబుల్స్ ఉన్నా, ఒంటరి లెటరు ఒకటి పంక్తి చివర వేలాడకూడదన్న అచ్చు మర్యాద వల్ల దాన్ని విరవరు. రెండు నిఘంటువులు వేరుగా ఉండటానికి కారణం బ్రిటన్, అమెరికా సంప్రదాయాల తేడా. బ్రిటిష్ సంప్రదాయం మాట వ్యుత్పత్తికి ఎక్కువ విలువ ఇచ్చింది, అమెరికన్ పద్ధతి ఉచ్చారణకు ఇచ్చింది. 'నాలెడ్జ్'ను తెలుసుకోవడం అనే అర్థమున్న 'నో' విడిగా కనబడేటట్టు విరవడం మొదటి పద్ధతి. నోట్లో వినబడే 'నాల్' విడిపోయేటట్టు, 'ఎల్' లెటరును కూడా ముందు ముక్కలో చేర్చి విరవడం రెండోది. ఒక పుస్తకానికి ఒక పద్ధతే పట్టుకోండి.

కంప్యూటరుకు ఈ పని నేర్పినవారిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1983లో పరిశోధన పూర్తిచేసిన ఫ్రాంక్ లియాంగ్ ముఖ్యుడు. లెటర్ల వరసల నమూనాలు సుమారు 4,500 వాడి ఒక చిన్న నిఘంటువులోని విరుపుల్లో 89 శాతాన్ని దాదాపు పొరపాటు లేకుండా పట్టగలిగిన ఆయన పద్ధతి డొనాల్డ్ క్నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కింది. అంత పకడ్బందీ యంత్రం కూడా 'రికార్డ్' దగ్గర తడబడుతుంది. నామవాచకమైతే 'సి' లెటరు తరవాత విరవాలి, క్రియ అయితే దానికి ముందు విరవాలి. రాత రెండింటికీ ఒకటే. వాక్యం అర్థమైతే తప్ప తేలని ఆ విరుపును మీ కన్నే చూసుకోవాలి.

తెలుగు కూర్పులో మీకు ఈ బాధ దాదాపు లేదు. ఏ రెండు అక్షరాల మధ్యనైనా విరవవచ్చు, అక్షరాన్ని మాత్రం చీల్చకూడదు.

ప్రశ్న: పై సందర్భంలోదే నా ప్రశ్న కూడా. ఒకే మాట నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనక అని బడిలో చెప్పారు. అన్ని మాటలకూ అంతేనా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అన్నిటికీ కాదు. రికార్డ్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్, పర్మిట్, కాన్‌డక్ట్ లాంటి రెండు సిలబుల్స్ మాటలు కొన్ని ఆ పద్ధతిని పాటిస్తాయి. రిపోర్ట్, సపోర్ట్, కంట్రోల్ నామవాచకాలైనా క్రియలైనా రెండోదాని మీదే ఊనుతాయి. ఆన్సర్, విజిట్ ఎప్పుడూ మొదటిదాని మీదే ఊనుతాయి. కాబట్టి మీకు చెప్పినదాన్ని సూత్రం అనడం కంటే కొన్ని మాటల అలవాటు అనడం న్యాయం.

మూడు సిలబుల్స్ మాటల్లో ఇంకో రకం తేడా ఉంది, దాన్ని బడిలో చెప్పరు. 'ఎస్టిమేట్' అనే మాటకు రెండు రూపాల్లోనూ ఊనిక మొదటి సిలబుల్ మీదే. క్రియ అయినప్పుడు చివరి 'మేట్' నిండుగా వినిపిస్తుంది, నామవాచకమైనప్పుడు అది 'మట్'గా చిక్కిపోతుంది. 'గ్రాడ్యుయేట్' కూడా ఇంతే. మనం మేస్త్రి చేత 'ఎస్టిమేట్' వేయించుకున్నప్పుడు నామవాచకాన్ని క్రియ ఉచ్చారణతో పలుకుతున్నామన్నమాట. 'సర్టిఫికెట్' దగ్గర మాత్రం తెలుగు చెవి సరిగ్గానే విన్నది: నామవాచకంలో ఊనిక రెండో సిలబుల్ 'టి' మీద ఉండి చివరిది బలహీనంగా వినబడుతుంది గనక, 'కే' అని దీర్ఘం పెట్టకుండా 'కె' అని రాసుకున్నాం.